గుండు వద్దు, దువ్వెన పట్టండి

ప్రశ్న: మాది తిరుపతి. అమెరికా వెళ్తూ మా అబ్బాయి తన కుక్కను మా దగ్గర వదిలి వెళ్లాడు. రఫ్ కోలీ జాతి, మగది, నాలుగేళ్లు. పేరు బ్రూనో. మంచిది, మాట వింటుంది. ఇబ్బందల్లా దాని బొచ్చుతోనే. ఇల్లంతా రాలుతోంది, పూజగదిని కూడా వదలడం లేదు. చెవుల వెనక, వెనక తొడల మీద ఉండలు కట్టింది. ఎండాకాలం ఎలా తట్టుకుంటుందో పాపం, మిషన్ పెట్టి మొత్తం తీయించేద్దామని మా వారు అంటున్నారు. పార్లర్ వాళ్లు కూడా సరే తీసుకురమ్మన్నారు. పిడుదులు కూడా పట్టాయి. ఒక్క సూదితో పోతాయని, తెలిసిన మనిషి ఇంటికే వచ్చి వేస్తాడని పక్కింటివాళ్లు చెబుతున్నారు. దీని ఒంటి సంరక్షణ అంతా ఇంట్లోనే నేను చూసుకోగలనా? నాకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా,

తిరుపతిలో ఉన్నవారికి గుండు వద్దని చెప్పాల్సి రావడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. అయినా చెప్పక తప్పదు. కల్యాణకట్టలో మనం సమర్పించిన తలనీలాలు కొన్నాళ్లకు మళ్లీ వస్తాయి. బ్రూనో బొచ్చుకు ఆ భరోసా లేదు. కాబట్టి ముందు పార్లర్‌కు ఫోను చేసి మిషన్ పని వద్దని చెప్పండి. ఆ వెంటనే సూది వేసే మనిషిని కూడా రావద్దనండి. ఈ రెండో ఫోను మొదటిదానికంటే ముఖ్యం, ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఇక ఇంట్లోనే చూసుకోగలరా అంటే, నిక్షేపంగా చూసుకోగలరు. మోకాళ్లు అడ్డం కావు.

స్కాట్లాండ్ కొండల్లో గొర్రెల మందలను కాసిన జాతి కోలీ. చలిగాలిని, జల్లులను తట్టుకోవడానికి దాని ఒంటి మీద బొచ్చు రెండు వరసలుగా ఉంటుంది. పైన కనిపించేది పొడవుగా, కాస్త బిరుసుగా ఉండే జుట్టు. దాని అడుగున, చర్మాన్ని అంటిపెట్టుకుని మెత్తటి ఉన్ని. బ్రూనో మెడ దగ్గర జూలును వేళ్లతో విడదీసి చూడండి, రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. మీ సోఫా కింద, పూజగది మూలల్లో దొర్లుతున్నది ఎక్కువగా ఆ లోపలి ఉన్నే.

మిషన్ పెడితే రెండు వరసలూ పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఉన్ని తొందరగా పెరుగుతుంది, పై జుట్టు నిదానంగా వస్తుంది. దాంతో నెలల తరబడి ఒళ్లంతా మెత్తటి పీచు మిగిలి, చిక్కులు ఇంకా ఎక్కువవుతాయి. కొన్ని కుక్కలకు గొరిగిన చోట చాలాకాలం బొచ్చే మొలవదు, మొలిచినా అతుకులు వేసినట్టు అక్కడక్కడా వస్తుంది. ఏ కుక్కకు అలా అవుతుందో ముందుగా తెలుసుకునే దారి లేదు. పైగా మన ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. కోలీలకు తెల్ల బొచ్చు ఉన్నచోట చర్మం లేతగా ఉంటుంది, తేలిగ్గా కమిలిపోతుంది. శస్త్రచికిత్స కోసమో, చర్మవ్యాధికి మందు రాయడానికో డాక్టరే ఒకచోట గొరిగితే అది వేరే సంగతి.

అయితే మీ వారి ఆందోళనలో న్యాయం లేకపోలేదు. బొచ్చే కుక్కను చల్లగా ఉంచుతుంది, మీరేమీ దిగులు పడకండి అని ధీమాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సగం నిజం. ఎండ సూటిగా ఒంటికి తగలకుండా బొచ్చు అడ్డుకుంటుంది, అంతవరకే. చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటి ఉడికిస్తున్నప్పుడు ఏ బొచ్చూ చల్లదనం పుట్టించలేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల్లో మాత్రమే కాస్త పడుతుంది. మిగతా వేడినంతా నాలుక బయటపెట్టి రొప్పుతూ వదిలించుకోవాల్సిందే. అందుకే గుండు చేయించుకుంటే మనకు కలిగే హాయి దానికి కలగదు. అలాగని బొచ్చు ఉంచి, రోహిణి కార్తెలో మేడ మీద కట్టేస్తే వడదెబ్బ తప్పదు.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, రాలిపోవాల్సిన ఉన్ని రాలకుండా లోపలే ఇరుక్కుని అట్టకట్టడంలో ఉంది. అప్పుడు గాలి చర్మం దాకా పోదు, లోపల వేడి, చెమ్మ నిలిచిపోతాయి, పిడుదులకు చోటు దొరుకుతుంది. ఆ చచ్చిన ఉన్నిని తీసేస్తే మిగిలిన బొచ్చు పలచగా, గాలి ఆడేలా ఉంటుంది. మీ వారు కోరుతున్నది నిజానికి ఇదే. దానికి కావలసింది మంచి దువ్వెన, రోజుకు కాసేపు ఓపిక.

చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఈ కుక్కల ఉన్ని కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే గుత్తులు గుత్తులుగా ఊడడం మొదలవుతుంది. పగలు పొడవు పెరిగేకొద్దీ శీతాకాలపు ఉన్నిని వదిలేయడం వాటి ఒంటి తీరు. వానలు తగ్గాక మళ్లీ ఒకసారి రాలుతుంది. ఇంట్లో దీపాల వెలుగులో, ఫ్యాను కింద పెరిగే కుక్కలకు మధ్యమధ్యలో కూడా రాలుతూనే ఉంటుంది. జోరుగా రాలే ఆ కొద్ది వారాలూ రోజూ దువ్వాలి. తక్కిన రోజుల్లో వారానికి రెండుమూడు సార్లు చాలు.

పనిముట్లు కొనడానికి వెళ్తే దుకాణంలో పదిరకాలు చూపిస్తారు. మీకు మూడు చాలు. పొడవాటి స్టీలు సూదులుండే పిన్ బ్రష్ ఒకటి. పళ్లు ఎడంగా, పొడవుగా ఉండి ఉన్నిని లాగే రేక్ ఒకటి. ఒకవైపు పళ్లు దూరంగా, మరోవైపు దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన ఒకటి. బ్రష్ ఏదైనా కొనేముందు మీ ముంజేతి లోపలివైపు నొక్కి లాగి చూడండి. మీకు గీరుకుంటే దానికీ గీరుకుంటుంది. బ్లేడు బిగించిన పనిముట్టు ఒకటి ఉంటుంది, ఒక్కసారి లాగితే గుప్పెడు ఉన్ని వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అదే చోట మళ్లీ మళ్లీ లాగితే ఉన్నితోపాటు పై జుట్టు కూడా తెగిపోతుంది. పొడవాటి జూలున్న కోలీకి దాన్ని నేను సిఫారసు చేయను.

ఇక మీ మోకాళ్ల సంగతి. కోలీ మగకుక్క దాదాపు 30 కిలోలు తూగుతుంది, కాబట్టి ఎత్తి బల్ల మీద పెట్టే ఆలోచన మానుకోండి. ఇంటి ముందు అరుగు ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. కుక్క అరుగు మీద, మీరు కింద కుర్చీలో. అరుగు లేకపోతే మేడమెట్ల దగ్గరి చదును చోటో, పాత దివాన్‌కాటో సరిపోతుంది. అడుగున జారని రబ్బరు చాపో గోనెపట్టానో వేయండి. నున్నటి రాతి మీద కాళ్లు జారితే ఏ కుక్కయినా బెదురుతుంది, బెదిరిన కుక్క తర్వాత దువ్వెన చూస్తేనే పారిపోతుంది. గొలుసు ఎత్తున కట్టేసి మీరు లోపలికి వెళ్లకండి. కిందికి దూకితే మెడకు బిగుసుకుంటుంది.

మొదటిరోజు దువ్వకండి. బ్రష్‌ను వాసన చూడనిచ్చి, వీపు మీద నాలుగుసార్లు మెల్లగా తిప్పి, ఏదైనా తినిపించి వదిలేయండి. పక్కకు ఒరిగి పడుకోవడం నేర్పితే మీ పని సగం తగ్గుతుంది. గొర్రెల కాపరికి ఒక్క సైగతో కదిలిన జాతి అది, రెండుమూడు రోజుల్లో నేర్చుకుంటుంది. తినిపించడానికి ఉప్పు, మసాలా లేని ఉడికించిన కోడిమాంసం ముక్కలు మంచివి. మీ ఇంట్లో మాంసం వండరనుకుంటే ఉడికించిన క్యారెట్టు, ఉప్పు వేయని వేరుశనగ గింజలు నాలుగు సరిపోతాయి. మీ ఊరు కాబట్టి ఒక మాట: ప్రసాదమే కదా అని లడ్డూ పెట్టకండి. అందులోని ఎండు ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇప్పుడు అసలు పని. చాలామంది చేసేదేమిటంటే వీపు మీద పైపైన దువ్వి, నిగనిగలాడుతోందని మురిసిపోతారు. అడుగున ఉన్ని అలాగే ఉంటుంది. కోలీని పాపిట తీసి దువ్వాలి. బ్రూనో పక్కకు పడుకున్నాక వెనక కాలి దగ్గర మొదలుపెట్టండి. ఎడమచేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకోండి. చర్మం ఒక గీతలా కనిపించాలి. ఆ గీత కింద ఉన్న కొద్దిపాటి బొచ్చును మొదళ్ల నుంచి చివరల దాకా దువ్వండి. అది సాఫీగా అయ్యాక అంగుళం పైన ఇంకో పాపిట. అలా కాలి నుంచి తొడకు, తొడ నుంచి పక్కటెముకలకు, భుజానికి, మెడకు వరసగా పోవాలి. చర్మం కనిపించకుండా దువ్వితే ఆ వరస లెక్కలోకి రాదు.

మొదలుపెట్టే ముందు స్ప్రే సీసాతో కాసిని మంచినీళ్లు పైన చిలకరించండి. ఎండిపోయిన బొచ్చు దువ్వెనకు తెగుతుంది. ముందు పిన్ బ్రష్, ఉన్ని దట్టంగా ఉన్నచోట రేక్, చివరికి స్టీలు దువ్వెన. రేక్ మీద బరువు వేయకూడదు, దాని బరువుకే అది లాగాలి. స్టీలు దువ్వెన దువ్వడానికంటే పరీక్షకే ఎక్కువ పనికొస్తుంది. చర్మం దగ్గర పెట్టి లాగితే ఎక్కడా ఆగకుండా చివరిదాకా రావాలి. ఆగిందంటే అక్కడ చిక్కు ఉందని, ఇప్పుడు చిన్నది, వారంలో ఉండ అవుతుందని అర్థం.

మొత్తం కుక్కను ఒక్కరోజులో పూర్తి చేయాలనుకోకండి. ఇవాళ ఒక తొడ, రేపు ఇంకోటి, ఎల్లుండి జూలు. పావుగంట దాటితే దానికీ విసుగు, మీకూ నడుము నొప్పి. తెల్లవారుజామున నడిపించుకొచ్చాక, అలసి పడుకున్నప్పుడు మంచి సమయం. పొట్ట కింద, చంకల్లో చర్మం పలచన, అక్కడ రేక్ వాడకండి, స్టీలు దువ్వెన ఎడంగా ఉన్నవైపుతో నెమ్మదిగా చేయండి. తోకను కూడా పాపిట తీసే దువ్వాలి. మెడపట్టీ కింద చిక్కులు పడతాయి, రాత్రిపూట ఇంట్లో ఉన్నప్పుడు పట్టీ తీసేస్తే సగం తగ్గుతాయి.

ఇప్పటికే ఉండలు కట్టిందన్నారు. ఆ రెండు చోట్లా అది మామూలే. చెవి వెనక బొచ్చు మరీ మెత్తన, పైగా కాలితో గోక్కుంటూ ఉంటుంది. కూర్చున్నప్పుడు వెనక తొడలు నేలకు రాసుకుంటాయి. చిక్కుపడిన జడను విప్పేటప్పుడు ఆడపిల్లల తల్లులు చేసేదే ఇక్కడా చేయాలి: చివరల నుంచి మొదలుపెట్టి మొదళ్ల వైపు రావాలి. ఉండ మీద కాస్త మొక్కజొన్న పిండి చల్లి, వేళ్లతో చిన్నచిన్న పాయలుగా విడదీయండి. చర్మం దగ్గర ఎడమచేతి రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంటే లాగుడు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, చర్మానికి తెలియదు. విడిపోయిన పాయను దువ్వెన చివరి పళ్లతో కొంచెం కొంచెం దువ్వుతూ పోవాలి.

విడిపోనిది ఉంటే కత్తెర ఆలోచన వస్తుంది. అక్కడ జాగ్రత్త. ఉండను పైకి లాగితే కింద చర్మం కూడా గుడారంలా లేస్తుంది. అడ్డంగా కత్తిరిస్తే బొచ్చుతోపాటు చర్మం తెగి కుట్లు వేయాల్సి వస్తుంది. తప్పనిసరైతే చర్మానికి, ఉండకు మధ్య స్టీలు దువ్వెన దూర్చి, దువ్వెనకు పైభాగాన మాత్రమే, బొచ్చు పెరిగే దిశలో నిలువుగా ఒకటి రెండు చీలికలు పెట్టి, మళ్లీ వేళ్లతో విడదీయండి. దువ్వెన దూరనంతగా చర్మానికి అంటుకుపోయిందా, దుర్వాసన వస్తోందా, అడుగున ఎర్రగా చెమ్మగా ఉందా, అయితే దాన్ని ముట్టుకోకుండా పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. అంతమేర మాత్రమే వాళ్లు మిషన్‌తో తీస్తారు.

కపిలతీర్థం వైపో అలిపిరి వైపో కొండ కిందకి షికారు తీసుకెళ్లే అలవాటు ఉంటే ఇంకో పని ఉంది. ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు, ఎండుగడ్డి ముళ్లు ఈ బొచ్చును పట్టుకుంటే ఒక పట్టాన వదలవు. గడ్డిముల్లు ముందుకే తప్ప వెనక్కి రాదు. కాలివేళ్ల మధ్య చర్మంలోకి, చెవిలోకి దూరితే చీము పడుతుంది. ఇంటికి రాగానే వేళ్ల సందులు, చంకలు, చెవుల అంచులు తడిమి చూడండి. ఒకే పాదాన్ని అదేపనిగా నాకుతున్నా, తలను ఒకవైపుకు విదిలిస్తున్నా ముల్లు దిగిందేమోనని అనుమానించాలి.

స్నానం నాలుగైదు వారాలకు ఒకసారి చాలు. వారం వారం పోస్తే చర్మంలోని నూనె పోయి దురద పుడుతుంది. ముందు దువ్వడం, తర్వాత నీళ్లు. ఈ వరస తారుమారు చేశారా, ఉన్న చిక్కులు తడిసి గట్టిపడతాయి, ఆ తర్వాత మీ దువ్వెనకు లొంగవు. గోరువెచ్చటి నీళ్లు, కుక్కల షాంపూ. మన షాంపూలు మన చర్మం ఆమ్లగుణానికి తగ్గట్టు చేసినవి, కుక్క చర్మం అంత ఆమ్లంగా ఉండదు. షాంపూను నేరుగా వీపు మీద పోయకుండా మగ్గు నీళ్లలో కలిపి పోస్తే అడుగుదాకా దిగుతుంది. మీకు వచ్చేది బోరు నీళ్లయితే కడగడానికి మామూలుకంటే రెట్టింపు సమయం పెట్టుకోండి. ఉప్పునీళ్లకు షాంపూ ఒక పట్టాన పోదు, మిగిలిపోయిన జిగురే తర్వాత దురద.

స్నానం నీళ్లలో డెట్టాల్ వేయడం మన ఇళ్లలో చాలామందికి అలవాటు. కుక్కకు వద్దు. ఒళ్లు నాక్కునే జంతువు అది, చర్మానికి మంట, కడుపుకు చేటు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తే పిడుదులు పోతాయనే చిట్కా మరీ ప్రమాదం. కర్పూరం కుక్కలకు విషం, కొద్దిగా లోపలికి వెళ్లినా వణుకు, మూర్ఛ రావచ్చు. కిరోసిన్ సంగతి వేరే చెప్పాలా!

పోసిన తర్వాత ఆరబెట్టడమే పెద్ద పని. పైన తడి ఆరినట్టు కనిపిస్తుంది, వేలు అడుగుకు పెడితే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మ ఒక పూటంతా ఉంటే రాత్రికి రాత్రే అరచేయంత తడిపుండు లేస్తుంది. మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ బెడద మరీ ఎక్కువ. ముసురు పట్టిన రోజున స్నానం పెట్టుకోకండి. మామూలు రోజున రెండు పాత తువ్వాళ్లతో రుద్దకుండా అద్ది, టేబుల్ ఫ్యాను ముందు పడుకోబెట్టి, పాపిట తీసి దువ్వుతూ ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టి, గాలి తగిలేచోట మీ రెండో చేయి ఉంచండి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు.

ఇప్పుడు ఆ సూది. అందులో మందేమిటో మీరు రాయలేదు. ఇళ్లకు వచ్చి పిడుదులకు, గజ్జికి వేసే సూది సాధారణంగా ఐవర్‌మెక్టిన్. పశువులకు ఎప్పటినుంచో వాడుతున్న మందే, చాలా కుక్కలకు ఏమీ కాదు కూడా. అందుకే అతను ధైర్యంగా వేసేస్తుంటాడు. కోలీ మాత్రం ఆ చాలా కుక్కల్లో ఒకటి కాదు. కొన్ని రకాల మందులు మెదడులోకి చేరకుండా అడ్డుకునే ప్రోటీన్ ఒకటి ఒంట్లో ఉంటుంది. దాన్ని తయారుచేసే ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో కోలీలకు తరచుగా లోపం ఉంటుందని అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో కనుగొన్నారు. అక్కడి లెక్కల ప్రకారం ప్రతి పది కోలీల్లో దాదాపు ఏడింటిలో ఆ లోపపు జన్యువు ఉంటుంది. ఇతర గొర్రెల కాపలా జాతుల్లో కూడా కొన్నింటికి ఉంది. అటువంటి కుక్కకు ఆ సూది పడితే చొంగ కార్చడం, తూలడం, చూపు పోవడం, వణుకు, చివరికి స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. ప్రాణం పోవచ్చు. గుండెపురుగు రాకుండా నెలనెలా ఇచ్చే మాత్రల్లో కూడా ఇదే మందు ఉంటుందిగా అని ఎవరైనా అంటే, ఉంటుంది, కానీ ఆ మోతాదు సూదిలో ఇచ్చేదానిలో చాలా చిన్న వంతు, అది కోలీలకు కూడా పడుతుంది.

మనుషుల విరేచనాలకు మందుల దుకాణంలో ఇచ్చే లోపెరమైడ్ మాత్ర కూడా ఇలాంటి కుక్కలకు కీడే. బ్రూనోను ఏ డాక్టరుకు చూపించినా మొదటి మాటగా ఇది కోలీ అండీ అని చెప్పి, చీటీ మీద రాయించండి. మీకున్న అదృష్టం ఏమిటంటే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది, అక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉన్నది. రాష్ట్రంలో చాలామంది దూరాభారం పడి వచ్చే చోటు మీకు ఆటో దూరం. పిడుదులకు నమిలే మాత్రలు, మెడ మీద వేసే చుక్కలు ఉన్నాయి. బరువు, వయసు, ఇదివరకు మూర్ఛలేమైనా వచ్చాయా అన్నది చూసి ఏది తగునో వాళ్లు చెబుతారు.

దువ్వేటప్పుడు కనిపించిన పిడుదును చేత్తో నలపకండి. చిన్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా తిన్నగా లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. చెవి లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, మెడపట్టీ కింద, గజ్జలు వాటికి ఇష్టమైన చోట్లు. కుక్క మీద తీసేస్తే సరిపోదు. మన దగ్గర కనిపించే గోధుమరంగు పిడుదు కిందికి దిగి గోడ పగుళ్లలో, గడపల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అది పడుకునే చోట గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి, పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు తెల్లబడడం, ముక్కు నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా పిడుదు జ్వరం అనుకుని ఆ రోజే చూపించాలి. నిజం చెప్పాలంటే ఇంట్లో దువ్వుకోవడంలో పెద్ద లాభం ఇక్కడే ఉంది. నెలకోసారి పార్లర్‌కు వెళ్లే కుక్క ఒంటి మీది పిడుదు నెల తర్వాత గాని బయటపడదు.

గోళ్లు నేల మీద టకటకమని చప్పుడు చేస్తుంటే పెరిగాయని అర్థం. కొన మాత్రం కొద్దికొద్దిగా తీయండి. నల్ల గోరులో రక్తనాళం కనిపించదు, కత్తిరించిన చోట మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపాలి. రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది కాసేపు నొక్కిపట్టండి. ముందుకాళ్ల లోపలివైపు, నేలకు తగలకుండా పైన ఉండే గోరు బొచ్చులో దాక్కుని వంకర తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది, దాన్ని మరిచిపోతారు. అరికాలి మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలను, తోక కింద మురికి అంటే చోట జుట్టును మొద్దు అంచు కత్తెరతో పొట్టి చేసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. చెవి లోపల కనిపించినంత మేర దూదితో తుడిస్తే చాలు.

ఎండాకాలం గురించి మీ వారికి చెప్పండి: తెల్లారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తప్ప బయటికి తీయవద్దు. రోడ్డు మీద మీ చేతి వెనకభాగం కాసేపు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనలేవు. గాలి ఆడే గది, చల్లటి బండల నేల, రెండుమూడు చోట్ల నీళ్ల గిన్నెలు ఉంచండి. మరీ రొప్పుతుంటే వీపు మీద కాసిని నీళ్లు చల్లితే బొచ్చు పైనే నిలిచిపోతాయి. పొట్ట, గజ్జలు, పాదాలు తడిపి ఫ్యాను వేయాలి. తూలుతున్నా, చిగుళ్లు మరీ ఎర్రబడ్డా అలా తడుపుతూనే ఆసుపత్రికి బయల్దేరండి.

పార్లర్‌ను పూర్తిగా మానమని నేను అనను. స్నానం చేయించి గట్టి గాలి మిషన్‌తో ఉన్ని ఊదించే పని వాళ్లు మనకంటే బాగా చేస్తారు, ఉన్ని జోరుగా రాలే రోజుల్లో ఒకసారి తీసుకెళితే మీకు వారం పని తగ్గుతుంది. గొరగవద్దన్న మాట వెళ్లగానే చెప్పండి, వీలైతే దగ్గరే కూర్చోండి. బోనులో పెట్టి వేడిగాలి వదిలే పద్ధతి ఉందేమో అడగండి, ఉంటే వెనక్కి వచ్చేయండి.

పూజగదిలో బొచ్చు సంగతికి వస్తే, మొదటి పది పదిహేను రోజులు దువ్వినకొద్దీ ఇంకా వస్తూనే ఉందే అనిపిస్తుంది. ఆ తర్వాత ఇల్లు ఊడిస్తే తేడా మీకే తెలుస్తుంది, పూర్తిగా మాత్రం ఆగదు. దువ్వడం ఇంటి బయటే పెట్టుకోండి, ఫ్యాను ఆపి. తీసిన ఉన్నిని పిట్టలు గూళ్లకు ఎత్తుకుపోతాయని కొందరు పిట్టగోడ మీద పెడుతుంటారు. బ్రూనోకు పిడుదుల మందు వాడుతున్నంతకాలం ఆ పని వద్దు. మందు అవశేషాలు బొచ్చులో ఉంటాయి, గూట్లోని పిల్లలకు మంచిది కాదు. కవరులో మూటకట్టి పొద్దున వచ్చే చెత్త బండికి ఇచ్చేయండి.